కోట కింద కళ్ళంబండ

కర్నలు గారు పోయారన్న కబురు నాకు రేణిగుంట స్టేషనులో అందింది. మా మనవరాలు రావలసిన బండి ఆలస్యమైతే, ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్లపై కూర్చుని ఉన్నాను. ఫోను మోగింది. ఆయన భార్య గొంతు. అందులో ఏడుపు లేదు, ఆయాసం ఉంది.

"అయ్యవారూ, ఆయన పొద్దున చెట్లకు నీళ్లు పోస్తా పోస్తా కూలబడిపోయినాడు. ఆస్పత్రికి తీసకపోయే లోపలే అయిపోయింది. పాప బండి దిగినాక మీరే చెప్పండి. నాకు నోరు రాదు."

బండి వచ్చింది. సైన్యంలో లెఫ్టినెంటుగా చేరిన మా కూతురి కూతురు, వీపున పెద్ద సంచీతో దిగి, నా కాళ్లకు మొక్కి, లేస్తూనే నా భుజం మీదుగా వెనక్కు చూసింది. ఆమె సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఎదురు వెళ్లేది మేమిద్దరమూ కలిసే.

"కర్నల్ తాత యాడ?" అంది. "ఆదివారం మొండికోటకు పోతా ఉండాము, మంచి బూట్లు తెచ్చుకో అని నిన్న గూడా ఫోన్లో అరిచినాడే!"

శ్లోకాలతోనూ పద్యాలతోనూ బ్రతుకు వెళ్లదీసినవాణ్ణి. ఎన్నో ఇళ్లలో చావు వాకిట నిలబడి ఓదార్పు పలికాను. తగిన మాట ఎప్పుడూ నాలుక చివర సిద్ధంగా ఉండేది. ఆ పూట ఒక్క మాటా రాలేదు. ఆమె నా ముఖం చూసి, సంచీ దించి, బల్ల మీద నా పక్కన కూర్చుంది. బండి చెన్నై వైపు సాగిపోయింది.

ఈ పుటలు చదివేవారిలో ఆయన వద్ద చదువుకున్నవారు కొందరైనా ఉంటారు. తక్కినవారి కోసం చెబుతాను. ఆయన ఐరాల దగ్గరి సేద్యగాళ్ల ఇంటి బిడ్డ. లేత వయసులోనే సైన్యంలో చేరి, చాలాకాలం కొండల్లోనూ అడవుల్లోనూ తిరుగుబాట్లు రేగిన చోట్ల పనిచేసి, ఉద్యోగం చివరి భాగంలో యువ అధికారులకు యుద్ధ చరిత్ర బోధించారు. విశ్రాంతికని తిరుపతి వచ్చి మా వీధి చివరి ఇంట్లో స్థిరపడ్డారు. ఆ విశ్రాంతి ఆయన ఒంటికి సరిపడలేదు. సైన్యానికి, పోలీసు కొలువులకు పరీక్షలు రాసే పిల్లలను వసారాలో కూర్చోబెట్టి పాఠాలు మొదలుపెట్టారు. పుచ్చుకునేదేమీ లేదు. ఆదివారాలు తన వెంట నడవాలన్నది మాత్రమే షరతు.

మా ఇంటికి తొలిసారి వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి నలుదిక్కులూ ఒకసారి కలయజూశారు. తరువాత నా భార్యను "నీళ్లు యాడి నుంచి వస్తాయమ్మా?" అని అడిగారు. దాహమేమో అనుకొని ఆమె చెంబుతో మంచినీళ్లు తెచ్చింది. ఆయన తాగి, నవ్వి, మళ్లీ అదే ప్రశ్న వేశారు. బోరు ఎంత లోతు, వీధి కుళాయి ఏ వేళకు వదులుతారు, వేసవిలో ముందుగా ఎవరింట్లో ఎండుతుంది, అప్పుడు ఎవరు ఎవరిని అడుగుతారు, ఇవన్నీ విన్నాక గాని కాఫీ ముట్టలేదు. ఆయన వీధి మలుపు తిరిగాక నా భార్య, "వచ్చింది చుట్టమా, మున్సిపాలిటీనా?" అంది.

ఆ ప్రశ్న ఆయన ప్రతి ఇంటా, ప్రతి ఊళ్లోనూ అడిగేవారని తరువాత తెలిసింది. ఎందుకని నేనడిగితే, "నీళ్లు ఎవరి చేతిలో ఉండాయో తెలిస్తే ఊరు సగం తెలిసినట్ల, అయ్యవారూ. తుపాకీలు ఎవరి చేతిలో ఉండాయన్నది ఆ తరవాత" అన్నారు.

పొద్దున నడకకు కలిసి వెళ్లేవాళ్లం. కపిలతీర్థం వైపు తిరగ్గానే నేను చేతులు జోడించి ఏడుకొండలకు నమస్కరించేవాణ్ణి. ఆయన చేతులు వెనక్కు కట్టుకుని, కళ్లు చిట్లించి, అదే కొండను ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసేవారు. ఒకనాడు పట్టుబట్టాను.

"ఏం చూస్తున్నారు కర్నలు గారూ, అంతగా?"

"అడగొద్దండి. పాపం తగులుతాది."

"చెప్పండి. పాపంలో సగం నేను పంచుకుంటాను."

"ఆ మలుపు కాడ ఒక జట్టును పెడితే దోవంతా మన చేతిలో ఉంటాది. ఆ పక్క గండిలో దాక్కున్నోణ్ణి మాత్రం దేవుడు గూడా చూడలేడు." అనేసి, తానే ఉలిక్కిపడి లెంపలు వేసుకున్నారు. "చూస్తాడులెండి. దేవుడు చూస్తాడు. మావాళ్లే చూడలేరు."

నా విద్యను ఆయన గౌరవించినంతగా మా చుట్టాలెవ్వరూ గౌరవించలేదు. అయినా ఆయన ఎదుట నేను ఏనాడూ నిశ్చింతగా కూర్చోలేదు. పిల్లల జట్టు మారినప్పుడల్లా నన్ను పిలిపించి, పురాణయుద్ధాల వ్యూహాలు చెప్పించేవారు. క్రౌంచం, మకరం, శకటం అంటూ నేను నేలపై సుద్దముక్కతో గీస్తుంటే ఆయన పిల్లల వెనుక బాసింపట్టు వేసుకుని వినేవారు. ఒకసారి మధ్యలో చెయ్యెత్తారు.

"ఇంత సైన్యానికి వండినదెవరు, అయ్యవారూ? ఏ ఊరి వడ్లు?"

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. "ఏ ఊరివో నాకు తెలియదు. అయితే పోరు సాగుతున్నా పక్క మడిలో దున్నుకునేవాణ్ణి ముట్టరాదని శాస్త్రం. పండిన చేను తొక్కించిన రాజు గెలిచినా గెలిచినట్లు కాదని పెద్దలు చెప్పారు" అన్నాను.

ఆయన ఒక్క ఉదుటున లేచారు. "రాసుకోండి రా! ఎన్ని దేశాలు ఎంతెంత తగలేసి నేర్చుకున్న్యాయో, అయ్యవారు ఊరికే చెప్పేసినారు. మళ్లీ చెప్పండి స్వామీ." మళ్లీ చెప్పించారు. ఆ సాయంత్రమంతా నాకు గర్వంగా ఉంది. మరునాడు నడకలో ఆ గర్వం మిగల్లేదు.

"మీ ధర్మయుద్ధానికి ఒక మైదానం గావాల అయ్యవారూ" అన్నారు. "రెండు పక్కలా జెండాలు గావాల. పొద్దు కుంకితే శంఖం ఊది ఎవరి డేరాకు వాళ్లు పోవాల. ఊళ్లో జరిగే పోరుకు మైదానం యాడుంది? వాడు పగలు మడికి నీళ్లు కడతాడు, మాపుకు తుపాకీ పడతాడు. ఇద్దరూ ఒకడే అని నీకు తెలుసు. ఏ వేళప్పుడు కనపడినోణ్ణి కాలుస్తావు? మీ శాస్త్రం దున్నేవాణ్ణి ముట్టొద్దంటాది. సరే. వాడు దున్నతానే ఉండాడు గదా!"

ఆ ప్రశ్నను అలా దారిలో వదిలేసి ఇంటికి వచ్చేశాం. అది నా వెంట వచ్చింది. ఇప్పటికీ సంధ్యావందనం మధ్యలో లేచి నిలబడుతుంది.

ఆయన పాఠాల్లో మా సీమ పాళెగాళ్ల కథ తప్పక వచ్చేది. కోటలను కంపెనీవాళ్లు ఫిరంగులతో ఎలా కొట్టారన్నది ఆయన త్వరగా ముగించేవారు. ఆ తరువాతి సంగతికే ఎక్కువ సమయం. పాళెగాళ్ల కొలువులో ఊరు కాసి, మాన్యం దున్నుకుని బ్రతికిన కట్టుబడి బంట్లు ఉండేవారు. కోట కూలాక వాళ్ల మాన్యాలు పోయాయి, కావలి పోయింది. "ఈటె లాక్కున్న్యావు, బాగుంది. ఆ ఈటె పట్టిన చేతికి ఏమిచ్చినావు?" అని పిల్లలను ఒక్కొక్కరినే అడిగేవారు. "నిన్నటి దాకా దొంగలను పట్టినోడు. వానికి అడవిలో ప్రతి దోవా తెలుసు. ఉత్త చేతులతో ఇంటికి పొమ్మంటే వాడు యాడికి పోతాడు?" ఆ తరువాత పేపరు తీసి, నేటి కాలంలో ఏ ఏ దేశాల్లో గెలిచిన సేనలు ఓడినవాడి సైన్యాన్ని రద్దుచేసి, అదే సైన్యంతో వీధివీధినా మళ్లీ పోరాడవలసి వచ్చిందో చెప్పేవారు. పిల్లల్లో ఒకడు, "అంటే పాఠం పాతదే గదా సార్, మరి ఎందుకు నేర్చుకోరు?" అన్నాడు. ఆయన కళ్లజోడు తుడుచుకుని, "గెలిచినోడు బడికి రాడప్పా" అన్నారు.

డ్రోన్ల మీద మోజున్న పిల్లలను చూస్తే ఆయనకు ముచ్చటా కలిగేది, చిరాకూ కలిగేది. ఒక సాయంత్రం సూళ్లూరుపేట అవతల నుంచి రాకెట్టు లేచి తూర్పున తెల్లటి గీత గీస్తుంటే అందరమూ మేడ మీద నిలబడి చూస్తున్నాం. పిల్లలు ఈలలు వేశారు. ఆయన కూడా చప్పట్లు కొట్టారు. కొట్టాక అన్నారు: "మింట్లో కన్ను పెట్టినాము, మంచిదే. పైనుంచి చూస్తే గొడుగు కనపడతాది. గొడుగు కింద మనిషి ముఖం కనపడదు. దానికి నువ్వు కిందికి దిగి, పక్కన నిలబడాల."

ఆయనకు ఒక నల్లగొడుగు ఉండేది. వాన ఉన్నా లేకున్నా చంకలో ఉండేది.

ఇక మొండికోట. ఐరాల దాటి కొంత దూరం పోతే ఒక బోడిగుట్ట, దాని నెత్తిన కూలిన గోడలు. చరిత్ర పుస్తకాల్లో దానికి చోటు లేదు. గుట్ట కింద చిన్న ఊరు, ఊరికి గుట్టకు నడుమ వెడల్పుగా పరచుకున్న ఒక బండ. తరతరాలుగా ఆ ఊరి కళ్ళం అదే. పంట నూర్చుకునేది, తూర్పారబట్టుకునేది, ఆరబోసుకునేది ఆ బండ మీదే. అందుకే అది కళ్ళంబండ.

ఆయన ప్రతి జట్టునూ అక్కడికి తీసుకుపోయి మూడు చోట్ల నిలబెట్టేవారు. మొదటిది గుట్ట మీద, గోడ తెగిన చోట. "నువ్వు కోటలో ఉండావు. ఈడ నుంచి ఏం కనపడతాండాది?" పిల్లలు ఉత్సాహంగా దోవలు, చెరువు, చింతతోపు చూపేవారు. రెండోది తోపులో, ఫిరంగులు పెట్టారని ఊరు చెప్పుకునే చోట. "ఇప్పుడు నువ్వు కొట్టేదానికి వచ్చినావు. ఏం కనపడతాండాది?" అక్కడా ఉత్సాహమే. మూడోది కళ్ళంబండ. అక్కడ పిల్లలకు ఏమీ తోచేది కాదు. ఎండ కాలుతుంది. ఎటు చూసినా రాయి. "ఈడ చూసేదానికి ఏముంది సార్?" అని గొణిగేవారు. ఆయన గొడుగు విప్పుకుని కూర్చుని, కదలనిచ్చేవారు కాదు. అక్కడే ఎక్కువసేపు.

ఆ ఊరివాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. కోట పడిన నాడు ఊరంతా ఆ బండ మీద కొర్రలు తూర్పారబడుతున్నారట. ఎవరూ కదలకూడదని సిపాయిలు బండ చుట్టూ నిలిచారట. ఎవరినీ కొట్టలేదు, దోచలేదు. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. గింజలు ఎత్తుకోనివ్వండి దొరా అని అడిగితే, పై నుంచి ఆజ్ఞ లేదన్నారట. వాన వచ్చి కుప్పలన్నీ కొట్టుకుపోయాయి. ఆ ఏటి తిండి అది. ఆనాటి నుంచి ఆ ఊరు అడవిలోని పాళెగాని మనుషులకు ఏండ్ల తరబడి సంకటి మోసిందట.

"పొద్దున కోట గెలిచినారు. మాపుకు ఊరు పోగొట్టుకున్న్యారు" అనేవారు కర్నలు గారు. "ఆ దినం వాళ్ల సేనాపతి రాసుకున్న కాగితంలో ఏముంటాది? ఒక్క ప్రాణం పోకుండా కోట చిక్కింది అని ఉంటాది. అబద్ధం గూడా గాదు."

"దీనికి ఆధారమేమైనా ఉందా?" అని నేనొకసారి అడిగాను. పండితుడి బుద్ధి.

"లేదు. కొర్రలు తడిసినాయని ఎవరు రాస్తారు అయ్యవారూ? ఊరు మరిచిపోలేదు, అంతే."

తన సొంత యుద్ధాల గురించి ఆయన ఏనాడూ నోరు విప్పలేదు. పిల్లలు బతిమాలేవారు. ఒక్క కథ, ఒక్క కాల్పు సార్ అనేవారు. ఆయన మొండికోటకే మళ్లించేవారు. ఏ దూరపు ఊళ్లో, ఎవరి కళ్ళం దగ్గర ఆయనకు ఆ మూడో చోటు తెలిసివచ్చిందో నాకు తెలియదు. ఐరాల రైతుబిడ్డకు ఏ కళ్ళం చూసినా తడిసిన గింజలే ఎందుకు గుర్తొచ్చేవో, మబ్బు పట్టినప్పుడల్లా మాట మధ్యలో ఆగి ఆకాశం ఎందుకు చూసేవారో నేను అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.

మా మనవరాలు ఆయన మేటి శిష్యురాలు. ఆమె సైన్యంలో చేరతానన్న నాడు నేను ఆయన వసారా ఎక్కి పోట్లాడాను. "మా ఇంట వేదం చదివారు గాని కత్తి పట్టలేదు. మా బిడ్డకు ఈ పిచ్చి మీరే ఎక్కించారు" అన్నాను. ఆయన కుర్చీ జరిపి, "కూసోండి. ఎట్లాగూ ఎవరో ఒకరు తుపాకీ పట్టుకొని ఆ ఊళ్ల నడుమ నిలబడాల. మీ ఇంటి బిడ్డ అయితే కొంచెం ఆలోచించి నిలబడతాదని నా ఆశ" అన్నారు. ఆ మాటతో నా కోపం తగ్గింది. భయం తగ్గలేదు.

ఈ సెలవు తరువాత ఆమె వెళ్లవలసింది అలాంటి చోటికే. కొండల్లో ఒక చిన్న శిబిరం, దాన్ని ఆనుకుని ఒక ఊరు, ఆమె మాట మీద నడిచే కొందరు జవాన్లు. ఏ రాష్ట్రమో ఇంట్లో కూడా చెప్పలేదు. శిక్షణలో ఆమెకు మంచి పేరు వచ్చింది. ఊరంతా అభినందిస్తుంటే, కర్నలు గారు మాత్రం పోయిన నెల నడకలో అన్నారు:

"పాప ఇంకా మొదటి చోట్లోనే నిలబడి ఉండాది అయ్యవారూ. దానికి ఎత్తు ఇష్టం. ఫోన్లో ఆ పోబోయే చోటు గురించి అడిగితే దోవలు, గుట్టలు, కాపలా చోట్లు, అన్నీ చక్కగా చెప్తాది. ఊళ్లో ఎవరుండారంటే పేపర్లో ఉన్నెట్ల చెప్తాది. పోయే లోపల ఒక్కతూరి కళ్ళంబండ మీద కూసోబెట్టాల. అది గాకుండా పోతే..." అంటూ ఆగిపోయారు. ఆ వాక్యం పూర్తి చేయలేదు. నేను నిద్రపట్టనప్పుడల్లా దాన్ని రకరకాలుగా పూర్తి చేస్తూనే ఉన్నాను.

అంత్యక్రియలకు జిల్లాలోని మాజీ సైనికులు చాలామంది వచ్చారు. వాళ్ల వరుసలో నిలబడి మా మనవరాలు చివరి వందనం చేసింది. ఆ సాయంత్రం ఆయన భార్య మమ్మల్ని లోపలికి పిలిచి ఒక గుడ్డసంచీ అందించింది. అందులో ఆయన పాత దుర్భిణి, నల్లగొడుగు.

"ఆదివారం మీరిద్దరూ పోయి రాండి" అంది.

"ఇప్పుడా తల్లీ?"

"ఇప్పుడే. పాప సెలవు అయిపోతాది. ఆయన దీనికోసమే కొట్టుకులాడినాడు. సద్దికి పులిహోర చేయమని గూడా చెప్పిపెట్టినాడు. ఇప్పుడు పొయ్యి ముట్టించకూడదు గదా, దోవలో యాడన్నా తినండి. మంచి హోటలు చూసుకోండి. ఆ మనిషి యాడంటే ఆడ తినేవాడు."

సంచీలోంచి మా మనవరాలు దుర్భిణి తీసుకుంది. గొడుగు నా వంతైంది.

ఆదివారం కార్తీకపు ఎండ తేటగా ఉంది. కారు చింతతోపు దగ్గర ఆపించి, మేమిద్దరమూ దిగాం. ఆమె అప్పటికే గుట్ట వైపు చూస్తోంది.

"తాతా, మీరు నీడలో కూసోండి. నేను పైకి పోయి వస్తా."

"కర్నలు గారు నిన్ను కళ్ళంబండ దగ్గర నిలబడమన్నారమ్మా."

"నిలబడినాను తాతా, ఆయనతో ఎన్ని తూర్లో. రాయి అదే గదా. పైన గోడ కాడ ఆయన ఎప్పుడూ కూసునే చోటు ఉండాది. ఆడ ఒక్క దండం పెట్టుకొని వచ్చేస్తా." నేను అడ్డు చెప్పలేకపోయాను.

మెల్లగా నడిచి బండ అంచున వేపనీడలో కూర్చున్నాను. బండ నిండా వేరుసెనగ, మా సీమ మాటలో చెనిక్కాయలు, ఆరబోసి ఉన్నాయి. ఒక ముసలమ్మ, ఆమె కోడలు కాళ్లతో కాయలను తిరగేస్తున్నారు. నన్ను చూసి, ఎవరో దారిన పోయే పంతులనుకుని తమ పనిలో పడ్డారు. గాలి కమ్మగా వీస్తోంది. కాసేపు నా మనసు కూడా నిలకడగా ఉంది.

ముసలమ్మ తల ఎత్తి గుట్ట వైపు చూసింది. ఆమె కాళ్లు ఆగిపోయాయి.

"ఒసే, ఎత్తు! ఎత్తు! మళ్లా వచ్చినారు!"

కోడలు గోతాలు లాక్కొచ్చింది. ఇద్దరూ వంగి, చేటలతో కాయలను గబగబా తోడసాగారు. సగం ఎండినవి, పచ్చివి అన్నీ కలిసిపోతున్నాయి. నేను లేచాను.

"ఎవరు వచ్చారమ్మా?"

"క్వారీ వాళ్లప్పా! పోయిన తూరి గూడా ఇట్లనే పైన నిలబడి కండ్లకు గాజుగొట్టాలు పెట్టుకొని చూసినారు. మర్నాడు దిగొచ్చి బండకు సున్నం గుర్తులు పెట్టినారు. కాయలుండాయన్నా వినకుండా బూట్లతో తొక్కుకుంటా పోయినారు."

"ఆమె మా మనవరాలు తల్లీ. క్వారీ మనిషి కాదు."

ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వెవురు?" అంది. చేట మాత్రం ఆపలేదు.

నేను గుట్ట వైపు తిరిగి గొడుగు ఊపాను. పై నుంచి ఆమె దుర్భిణి నా వైపు తిప్పి, సంతోషంగా చెయ్యి ఊపింది. ఆ చెయ్యి చూసి కోడలు మరింత తొందరపడింది. సూర్యుడు మా మనవరాలి వెనుక ఉన్నాడు. నా ఒడిలో పెరిగిన బిడ్డ ముఖం నాకు కనబడలేదు. గోడ తెగిన చోట ఒక నల్లటి ఆకారం, అటూ ఇటూ తిరుగుతున్న రెండు గాజుకళ్ల మెరుపు, అంతే కనిపిస్తున్నాయి. అది మళ్లీ మా వైపు తిరిగినప్పుడు ఒక అడుగు వెనక్కు వేశాను. ఎవరో తెలిసి కూడా నేను భయపడ్డాను. తెలియనివాళ్లకు ఎలా ఉంటుంది!

ఆమె రొప్పుతూ దిగి వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. పెదవుల మీద నవ్వు ఉంది. మూటలు చూసి ఆగిపోయింది.

"వాన గూడా లేదే. ఎందుకవ్వా ఎత్తేస్తా ఉండారు?"

ముసలమ్మ నడుం నిమురుకుంటూ లేచింది. "నువ్వు పైన నిలబడితివి గదమ్మా" అంది.

మా మనవరాలు మెడలోని దుర్భిణి తీసి నా చేతికి ఇచ్చింది. దాన్ని అందుకోవడానికి నేను గొడుగు చెయ్యి మార్చుకుంటే, ముసలమ్మ చూపు గొడుగు మీద పడింది.

"ఇది గొడుగాయనది గదా? ఆయన యాడ? రాలేదా?"

చెప్పాను. ఆమె అక్కడే, కాయల మీదే కూర్చుండిపోయింది. "అయ్యో నాయనా" అంది. "ఎప్పుడొచ్చినా నేరుగా ఈడికే వచ్చేవాడు. నీళ్లు అడిగి తాగేవాడు. యాడి నుంచి తెచ్చినావని అడిగి మరీ తాగేవాడు. అవ్వా, ఇంత మంది పిల్లోళ్లు వచ్చినారు, పైకెక్కి చూస్తారు, భయపడబాకండి అని చెప్పి, మేము సరే అంటేనే మళ్లుకునేవాడు. ఒక తూరి కాయలు ఆరేసి ఉంటే, ఇయ్యాల వద్దులే అని అందర్నీ వెనక్కి పిల్సకపోయినాడు."

మా మనవరాలు నా వైపు తిరిగింది. "తాతా, చింతతోపులో మమ్మల్ని బూట్లు బిగించుకోమని నిలిపేసి ఒక్కడే ఇటు వచ్చేవాడు. ఎంతసేపటికీ రాకుంటే, పెద్దాయన ఒంటికి పోయినాడేమో అని నవ్వుకునేవాళ్లము" అంది. అంటూనే ముఖం తిప్పుకుంది.

మేము మూడోదనుకున్న చోట ఆయన పాఠం మొదలయ్యేదని నాకు అప్పుడు తెలిసింది. ఆయన దాన్ని ఎవరికీ చెప్పలేదు. చూసి నేర్చుకుంటారని ఆగారో, ఈ ఆదివారానికని దాచి ఉంచారో.

ఆమె బూట్లు విప్పి బండ దిగువన పెట్టింది. గోతం మూతి విప్పి, "మళ్లా పరచేదా అవ్వా?" అని అడిగింది. ముసలమ్మ తల ఊపేదాకా చెయ్యి పెట్టలేదు. తరువాత మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో కాయలను బండ మీద పలచగా పరచసాగింది. కోట వైపు ఆమె వీపు ఉంది. కోడలు పచ్చివి ఏరి పక్కన వేయడం చూపించింది. కాసేపటికి, తల ఎత్తకుండానే, మా మనవరాలు అడిగింది:

"నీళ్లు యాడి నుంచి తెచ్చుకుంటారు మీరు?"

ముసలమ్మ చెప్పడం మొదలుపెట్టింది. బోరు కథ, ఊట కథ, పై వీధివాళ్లతో తగాదా కథ. పొద్దు వాలింది. హోటలు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఇది చాలునో చాలదో నాకు తెలియదు. ఆ కొండల్లో ఆమెకు ఎదురయ్యేది చెనిక్కాయలు ఆరబోసుకునే అవ్వ ఒక్కతే కాదు. పగలు దున్ని మాపుకు తుపాకీ పట్టేవాడూ ఉంటాడు. ఆ ప్రశ్న కర్నలు గారు దారిలో వదిలిన చోటే ఉంది. నా శాస్త్రాలన్నీ తిరగేస్తున్నాను. సెల్ మోగితే చాలు, పేజీ ఎక్కడ ఆగిందో మరచిపోతున్నాను.

సెలవు ముగిసిన రోజు రేణిగుంటలో నేనొక్కణ్ణే సాగనంపాను. దుర్భిణి నా దగ్గరే వదిలేసింది. "ఆడ మంచివి ఇస్తారు తాతా" అంది. గొడుగు మాత్రం అడిగి తీసుకుంది. సైన్యపు సంచీలో అది పట్టలేదు. బండి కదిలింది. ఆమె తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. బండి మలుపు తిరిగేదాకా, ఆమె భుజం వెనుక నుంచి పైకి పొడుచుకొచ్చిన ఆ నల్లగొడుగు వంపుపిడి నాకు కనబడుతూనే ఉంది.